బరువు మోసినవారు బానిసలా, కూలివారా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గత సంచికలో జాంజిబార్ ఏనుగు దంతాల వ్యాపారం గురించి ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు వెలువడింది. అందులో "తూర్పు ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి దంతాలను బానిసలే తీరానికి మోసుకొచ్చేవారు, తీరానికి చేరాక దంతంతో పాటు మోసినవారినీ అమ్మేసేవారు" అని ఒక వాక్యం ఉంది. దాని మీద ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి అనేక ఉత్తరాలు వచ్చాయి. ఆ వాక్యం నాదే, అందులోని తొందరపాటూ నాదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా బాపు ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్లు హమాలీ పని చేశారు. మీ వాక్యం ఆయనకు చదివి వినిపిస్తే, "బరువు మోసినోడు ప్రతివాడూ బానిసేనా?" అని అడిగారు. స్వాహిలీ భాషలో కూడా హమాలీ అనే మాట ఉందని ఎక్కడో చదివాను. నిజంగా అక్కడ కూలి తీసుకుని మోసినవాళ్లు లేరా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బాపు వేసిన ప్రశ్న సరైనది. కూలికి మోసినవారు ఉన్నారు, బగమొయో రేవు నుంచి లోపలికి పోయే మధ్య దారిలో వారే ఎక్కువ.

ముందుగా మాట సంగతి చూద్దాం. అరబ్బీలో మోసేవాణ్ణి హమ్మాల్ అంటారు. ఆ మాట పారశీకం, ఉర్దూల మీదుగా మన మార్కెట్ యార్డులకు వచ్చింది. అరబ్బు వర్తకుల ఓడలతో స్వాహిలీ తీరానికీ చేరి అక్కడా హమాలీ అయింది. అయితే అక్కడ హమాలీ అంటే ఎక్కువగా రేవు పట్టణంలో మూటలు మోసేవాడు. నెలల తరబడి బిడారుతో నడిచి సరుకు మోసేవాణ్ణి పగాజి అనేవారు.

నేను రాసిన వాక్యం గాలిలోంచి పుట్టింది కాదు. బానిస వ్యాపారాన్ని మాన్పించాలని 19వ శతాబ్దంలో ఐరోపాలో ప్రచారం చేసినవారు గీయించిన బొమ్మల్లో, మెడకు పంగలకర్ర బిగించిన మనుషులు తల మీద దంతాలతో నడుస్తుంటారు. అటువంటి దృశ్యాలు నిజంగానే ఉన్నాయి. ముఖ్యంగా న్యాసా సరస్సు వైపు నుంచి కిల్వా రేవుకు వచ్చే దక్షిణపు దారిలో మనుషులే ప్రధాన సరుకు. స్కాట్లాండ్ మిషనరీ, యాత్రికుడు లివింగ్‌స్టన్ ఆ ప్రాంతాలలో చూసి రాసిన ఘోరాలను కాదనడానికి వీలులేదు. పొరపాటెక్కడంటే, ఆ ఒక్క దారి బొమ్మను తూర్పు ఆఫ్రికా దారులన్నింటికీ అంటించడంలో ఉంది.

బగమొయో రేవు నుంచి టబోరా మీదుగా టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న ఉజీజీకి పోయే మధ్య దారి కథ వేరు. తీరం నుంచి టబోరాకు దాదాపు 800 కిలోమీటర్లు. 1857 జూన్‌లో తీరం నుంచి బయలుదేరిన ఆంగ్ల యాత్రికులు రిచర్డ్ బర్టన్, జాన్ స్పీక్‌లు టబోరా చేరేసరికి నవంబరు వచ్చింది. మన దక్కన్‌లో లంబాడాలు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం తోలుకుపోయినట్లు అక్కడ తోలడానికి వీలులేదు. ఆ దారిలో అనేక చోట్ల ట్సెట్సీ ఈగ కుట్టి పశువులు రోగంతో చనిపోయేవి. కాబట్టి లోపలికి పోయే ప్రతి గజం బట్టా, బయటికి వచ్చే ప్రతి దంతమూ మనిషి మీదనే ప్రయాణం చేయాలి. టబోరా చుట్టుపక్కల ఉండే న్యామ్వేజీలు ఈ పనిని తమ వృత్తిగా చేసుకున్నారు. అరబ్బు వర్తకులు లోపలికి రాకముందే వాళ్లు స్వంతంగా దంతాలు మోసుకుని తీరానికి వెళ్లి అమ్ముకున్నవారు. పంటలు ఇంటికి చేరాక, ఎండాకాలపు దారులు గట్టిపడ్డాక బయలుదేరి, మళ్లీ విత్తనాల వేళకు ఇల్లు చేరాలని చూసేవారు. ఒక్కసారైనా సముద్రాన్ని చూసి రాని యువకుణ్ణి పూర్తి మగవాడిగా లెక్కించేవారు కాదని ఆనాటి యాత్రికులు రాశారు.

ఒక పగాజి మోత సుమారు 27 నుంచి 32 కిలోలు. మీ బాపు ఈ అంకె విని నవ్వవచ్చు. ఎనుమాములలో ఒక్క మిర్చి బస్తాయే అంతకు మించి తూగుతుంది. కానీ అది లారీ నుంచి కాటా దాకా మోసే బరువు కాదు, పొద్దు పొడవకముందే ఎత్తుకుని ఎండ ముదిరేదాకా మోసి, మర్నాడు మళ్లీ ఎత్తుకునే బరువు. దానికి తోడు తన చాప, వంటకుండ, ఆయుధం కూడా తానే మోసుకోవాలి. తీరప్రాంతం వాళ్లు తల మీద మోస్తే న్యామ్వేజీలు భుజం మీద మోసేవారు. బట్టల మూటను పొడుగాటి దిండులాగా బిగించి చుట్టూ కర్రలు కట్టేవారు. ఆ కర్రల ఆసరాతో మూట నేలకు తగలకుండా చెట్టుకు ఆనించి నిలబెట్టవచ్చు. వంగి నేల మీది నుంచి ఎత్తే శ్రమ ఎంతటిదో తెలిసినవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

బిడారు ముందు నడిచేవాణ్ణి కిరాంగోజి అనేవారు. ఎర్రబట్ట, తలకు ఈకలు, వెంట డప్పు మోత. మన మాటల్లో చెప్పాలంటే ముఠా మేస్త్రీ. రోజువారీ తిండి ఖర్చును పోషో అనేవారు. దానికి బత్తెం కన్నా సరైన తెలుగు మాట నాకు తోచడం లేదు. దారిలోని దొరలకు కట్టే సుంకం హోంగో. కూలి నాణెంగా కాక మెరికానీ అనే అమెరికా నూలుబట్టగా, కనికి అనే నీలిరంగు బట్టగా, పూసలుగా, ఇత్తడి తీగగా చేతికొచ్చేది. న్యామ్వేజీలు ప్రయాణానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకునేవారు. బత్తెం తగ్గించినా, మజిలీ మరీ దూరం పెట్టినా మూటలు దించి కూర్చునేవారు. మాట వినకపోతే రాత్రికి రాత్రి వెళ్లిపోయేవారు. ఐరోపా యాత్రికుల దినచర్యల్లో పేజీలకు పేజీలు ఆక్రమించే "సోమరి కూలీల" మీద తిట్లను ఈ దృష్టితో చదివితే, అవి చాలావరకు కూలి బేరాల రికార్డులని నాకనిపిస్తుంది. సంకెళ్లలో ఉన్నవాడి మీద ఆ ఫిర్యాదు రాయవలసిన అవసరం ఎవరికీ రాదు కదా.

వర్తకుడి లెక్క కూడా ఇలాగే ఉండేది. ఒక పెద్ద దంతం విలువైన సరుకు. దానిని ఆకలితో నీరసించి, అవకాశం దొరికితే పొదల్లోకి పారిపోవాలని చూసే మనిషి భుజాన పెట్టడానికి ఏ వర్తకుడికీ మనసొప్పదు. పెద్ద దంతాలను బలమైనవారికి, అనుభవం ఉన్నవారికి ఇచ్చేవారు, వారు దంతానికి గంటలు కట్టుకుని వరుసలో ముందు నడిచేవారు. అది పరువుగల స్థానం.

ఇంతవరకు చెప్పి ఆపితే మరో తొందరపాటు చేసినవాణ్ణవుతాను. జాంజిబార్‌లో, తీరపు పట్టణాలలో కూలికి దొరికే మనుషుల్లో చాలామంది చట్టప్రకారం ఎవరో ఒకరి బానిసలే. యజమాని వారిని పనికి పంపుతాడు, లేదా వారే పని వెతుక్కుని వచ్చిన కూలిలో సగమో, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువో యజమానికి చెల్లిస్తారు. ఇలా రోజుకూలికి పోయేవాణ్ణి కిబరువా అనేవారు. బరువా అంటే ఉత్తరం, కిబరువా అంటే పనికి గుర్తుగా ఇచ్చే చిన్న చీటీ. మన బరువుతో ఆ మాటకు చుట్టరికం లేదు, కేవలం కాకతాళీయం. స్టాన్లీ వంటి యాత్రికులు జాంజిబార్‌లో నెలజీతానికి కుదుర్చుకున్న వందల మందిలో ఇటువంటివారు ఉన్నారు. కొన్ని నెలల జీతం ముందే ఇచ్చేవారు. అందులో కొంత యజమాని చేతికి పోయేది. ఆ మనుషులే తీరం దాటి లోపలికి వెళ్లాక తమను వాఉంగ్వానా, అంటే స్వేచ్ఛగా పుట్టిన మర్యాదస్తులమని చెప్పుకునేవారు. అది అబద్ధమని కొట్టివేయడం సులభం. నాకు మాత్రం అది, తుపాకీ పట్టుకుని, జీతం మాట్లాడుకుని, వెయ్యి కిలోమీటర్లు నడిచిన మనిషి తనను తాను బానిసగా చూసుకోవడానికి ఒప్పుకోకపోవడంగా కనిపిస్తుంది.

ఇంకొక చిక్కు న్యామ్వేజీల ఇంటి దగ్గరే ఉంది. వాళ్లు కూలిగా తెచ్చుకున్న బట్టలో కొంత బానిసలను కొనడానికి ఖర్చయింది. మగవాళ్లు నెలల తరబడి దారిలో ఉంటే పొలం చేసేవాళ్లు కావాలి. ఆ పనికి పడమటి నుంచి పట్టి తెచ్చినవారిని కొన్నారు. అంటే భుజాన దంతంతో నడిచే స్వతంత్రుడి వెనక, ఊళ్లో పార పట్టుకున్న అస్వతంత్రుడు ఒకడు ఉండవచ్చు.

మన ప్రాంతంలో వెట్టి సంగతి తెలిసినవారికి ఈ కలగాపులగం కొత్తగా ఉండదు. జీతం అంటే పనికి వచ్చే సొమ్ము. జీతగాడు అంటే మాత్రం నిజాం కాలపు పల్లెలో అప్పుకింద తాకట్టుపడి, దొర పొలం వదిలి పోలేని మనిషి. భగేలా అనే ఆ అప్పు ఒప్పందాలను అదుపు చేయడానికి హైదరాబాద్ సంస్థానం 1936లో చట్టం చేసినా గడీల దగ్గర పెద్దగా మారింది లేదు. కాబట్టి పేరును బట్టి, మూటను బట్టి ఎవరు బానిసో తేల్చలేము. బరువు దించి వెళ్లిపోతే అతణ్ణి ఎవరు పట్టి తెస్తారు, కూలి బట్ట చివరికి ఎవరి ఇంటికి చేరుతుంది అన్న రెండు విషయాలు విచారిస్తే చాలావరకు తెలుస్తుంది. నా వాక్యాన్ని సవరించుకుంటున్నానని మీ బాపుకు చెప్పండి.

ప్రశ్న: ఆ బిడారుల్లో ఆడవాళ్లు ఉండేవారా? ఇంత దూరం నడిచేటప్పుడు జబ్బుపడితే ఎవరు చూసేవారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉండేవారు. న్యామ్వేజీ పగాజీలలో కొందరు భార్యలతో బయలుదేరేవారు. వాళ్లు వంట సామాను, గింజలు మోసి, మజిలీ చేరాక వండేవారు. భార్య వెంట ఉన్న మనిషి మధ్యలో పారిపోడని వర్తకులు కూడా ఇష్టపడేవారు. విడిది చేసినప్పుడు కొద్దిమంది ఒక జట్టుగా చేరి ఒకే కుండలో వండుకుని తినేవారు.

జబ్బుపడిన వారి సంగతి అంత బాగుండదు. మశూచి సోకితే బిడారు ఆగేది కాదు. అయితే ఈ దారుల మీద ఉతాని అనే ఒక సంబంధం గట్టిపడింది. వేర్వేరు జాతుల వాళ్లు ఒకరినొకరు నోటికొచ్చినట్లు ఎగతాళి చేసుకోవచ్చు, తిండి లాక్కోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. మన బావ–బావమరదుల వేళాకోళం లాంటిది. దానికి బదులుగా, పరాయి ఊళ్లో ఒకడు చనిపోతే పూడ్చే బాధ్యత ఆ వేళాకోళం వరస ఉన్నవాడిది. టాంజానియాలో ఉతాని ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: బగమొయో అంటే "నా గుండెను ఇక్కడ వదిలేస్తున్నాను" అని ఓడ ఎక్కే బానిసలు పెట్టిన పేరని పిల్లలకు పాఠం చెప్పాను. సరేనా?
— ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: బ్వాగా అంటే దించడం, మొయో అంటే గుండె. మీరు చెప్పిన అర్థం ఒకటి ప్రచారంలో ఉంది. అదే మాటకు "గుండె బరువు దించుకో" అనే అర్థమూ ఉంది: నెలల నడక ముగిసింది, మూట దించాము, ఇక ఊపిరి పీల్చుకుందాం అని తీరం చేరిన పగాజి అనుకునే మాట. ఒకే పేరులో బానిస ఏడుపూ, కూలివాడి నిట్టూర్పూ రెండూ వినిపిస్తున్నాయి. ఎక్కువమంది ఆ ఊరికి వచ్చి వెళ్లింది పగాజీలుగా గనుక నా మొగ్గు రెండో అర్థం వైపు. పర్యాటకులకు మాత్రం మొదటిదే చెబుతారు. టాంజానియా 2006లో ఈ దారిని ప్రపంచ వారసత్వ సంపదల ప్రతిపాదిత జాబితాలో చేర్చినప్పుడు కూడా పేరులో బానిసలను ముందు, దంతాలను తరువాత పెట్టింది. మోసినవారికి ఆ పేరులో చోటు దొరకలేదు.

బగమొయోకు చేరిన మోతల్లో ఒకదాని గురించి మీ పిల్లలకు తప్పక చెప్పండి. 1873 మే నెలలో లివింగ్‌స్టన్ ఇప్పటి జాంబియాలో ఉన్న ఒక ఊళ్లో చనిపోయాడు. ఆయన వెంట ఉన్న చుమా, సూసీ తదితరులు శవాన్ని ఎండబెట్టి, చెట్టుబెరడులో చుట్టి, నెలల పాటు మోసి 1874 ఫిబ్రవరిలో బగమొయో చేర్చారు. శవం తమ ఊరి గుండా పోవడానికి ఒప్పుకోని చోట, దానిని మామూలు బట్టల మూటలా కనిపించేలా కట్టి దాటించారు. మొయ్యమని ఆజ్ఞాపించగలిగిన మనిషి అప్పటికి బతికి లేడు. చుమా చిన్నప్పుడు బానిసల గుంపు నుంచి విడిపించబడినవాడు. ఆ బృందంలోని జేకబ్ వైన్‌రైట్ కూడా బానిస ఓడ నుంచి బయటపడి మన నాసిక్ దగ్గర మిషన్ బడిలో చదువుకున్నవాడే.

ప్రశ్న: మా అన్న మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడ స్వాహిలీ మాట్లాడే ఒమానీలు ఉన్నారని చెబుతున్నాడు. ఈ బిడారులతో వారికి, మనవాళ్లకు ఏమైనా సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఉంది. ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ 1840లో తన దర్బారును మస్కట్ నుంచి జాంజిబార్‌కు మార్చాడు. ఆయన 1856లో చనిపోయాక రాజ్యం రెండుగా చీలింది. జాంజిబార్‌లో స్థిరపడిన ఒమానీ కుటుంబాలలో చాలామంది 1964 విప్లవం తరువాత తిరిగి ఒమాన్ చేరారు. మీ అన్న విన్న స్వాహిలీ వారిది.

మనవాళ్ల పాత్ర అప్పుల పుస్తకాల్లో ఉంది. జాంజిబార్ సుంకాల వసూలును కచ్ నుంచి వెళ్లిన జైరాం శివ్‌జీ కంపెనీ దశాబ్దాల పాటు గుత్తకు తీసుకుంది. బిడారు కట్టే అరబ్బు వర్తకుడికి బట్ట, పూసలు అప్పుగా ఇచ్చేది ఇటువంటి గుజరాతీ షావుకార్లే. లోపలి నుంచి వచ్చే దంతంలో పెద్ద భాగం బొంబాయికి వచ్చి పెళ్లికూతుళ్ల గాజులయ్యేది. బగమొయోలో సేవా హాజీ పారూ అనే వ్యాపారి పగాజీలను వేల సంఖ్యలో కుదిర్చి పెట్టడమే వ్యాపారంగా నడిపాడు. గల్ఫ్ ఏజెంటును చూసిన జగిత్యాల వారికి ఆయనను విడమరిచి చెప్పనక్కరలేదు. అక్కడి మన వ్యాపారులు బానిసలను కూడా ఉంచుకున్నారు. బ్రిటిష్ కాన్సల్ రిగ్బీ 1860 ప్రాంతంలో భారతీయుల దగ్గర ఉన్న బానిసలను వేల సంఖ్యలో విడిపించాడు.

అటు నుంచి ఇటు వచ్చినవారూ ఉన్నారు. సీదీ ముబారక్ బాంబే యావో జాతివాడు. పిల్లవాడిగా ఉండగా పట్టుబడి, బానిసగా మన దేశానికి వచ్చి, యజమాని చనిపోయాక స్వేచ్ఛ పొంది జాంజిబార్‌కు తిరిగి వెళ్లాడు. 1857లో బర్టన్, స్పీక్‌ల బిడారులో చేరాడు. బెంగాల్ సైన్యం నుంచి వచ్చిన స్పీక్‌కు స్వాహిలీ రాదు. ఆఫ్రికా అడవుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది హిందుస్తానీలో. తరువాత స్టాన్లీతోనూ, కామెరాన్‌తోనూ నడిచాడు. లండన్ భౌగోళిక సంఘం ఆయనకు పింఛను ఇచ్చింది, 1885లో చనిపోయాడు. ఆయనలా వెనక్కి వెళ్లని సీదీల, అంటే మన దేశానికి వచ్చిన ఆఫ్రికన్ల వారసులను చూడాలంటే మనకు ఓడ అవసరం లేదు. హైదరాబాద్‌లో ఏ.సి. గార్డ్స్ అని సిటీ బస్సు కండక్టర్ కేక వేసేది నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్న చోటు పేరే.

ప్రశ్న: బానిసత్వం రద్దయ్యాక పగాజీల పరిస్థితి మెరుగుపడిందా? రైలు రాగానే వాళ్ల పని పోయిందా?
— ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: సముద్రం మీద బానిసల రవాణాను, జాంజిబార్ బానిసల సంతను సుల్తాన్ బర్గష్ 1873 జూన్ 5న బ్రిటిష్ ఒత్తిడితో మూసివేశాడు. జాంజిబార్‌లో బానిసత్వానికి చట్టపు గుర్తింపు 1897లో పోయింది. జర్మన్లు పట్టిన ప్రధాన భూభాగంలో మాత్రం పూర్తి రద్దు బ్రిటిష్ వారు వచ్చాక 1922 దాకా ఆగింది.

రైలు నెమ్మదిగా వచ్చింది. మొంబాసా నుంచి 1896లో మొదలైన బ్రిటిష్ లైను 1901లో విక్టోరియా సరస్సు చేరింది. దాన్ని వేయడానికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను సుమారు 32,000 మందిని తీసుకుపోయారు. జర్మన్ లైను దారుస్సలాం నుంచి టబోరాకు 1912లో, టాంగన్యీకా ఒడ్డుకు 1914లో చేరింది. దానితో బగమొయో దారి ఖాళీ అయింది. ఈలోగా 1898లో జర్మన్లు గుడిసె పన్ను వేశారు. పన్ను కట్టడానికి డబ్బు కావాలి, డబ్బుకు కూలికి పోవాలి. ఒకప్పుడు మగతనానికి పరీక్షగా ఇష్టంతో ఎంచుకున్న నడక ఇప్పుడు పన్ను వసూలుదారుకు జవాబుగా మారింది.

రైలు లేని చోట్ల మోత ఆగలేదు, మరింత చెడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల వెంటపడిన బ్రిటిష్ సైన్యానికి గుండ్లు, తిండి మోయడానికి లక్షల మందిని సమీకరించారు. మొదట్లో కొందరు జీతానికి వచ్చారు. 1917 నాటికి ఊళ్ల మీద పడి పట్టి తేవడమే పద్ధతి అయింది. ఈ మనుషులు చట్టప్రకారం స్వతంత్రులు. కానీ బత్తెం తగ్గిందని మూట దించి కూర్చునే హక్కు, అరవై ఏళ్ల కింద న్యామ్వేజీ పగాజికి ఉన్నది, వీరికి లేదు. రోగాలతో, అలవాటులేని తిండితో, అలసటతో దాదాపు లక్ష మంది చనిపోయారు. ఆ దళాన్ని ఆంగ్లంలో కారియర్ కోర్ అనేవారు. అది జనం నోట్లో నలిగి కరియాకో అయింది. దారుస్సలాంలో ఆ దళం విడిది చేసిన చోటు ఇప్పుడు నగరంలోని పెద్ద మార్కెట్. చనిపోయినవారిలో చాలామందికి రావలసిన జీతం బాకీలు వారి కుటుంబాలకు చేరలేదు. హక్కుదారులు దొరకలేదనే పేరుతో ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాలోనే ఉండిపోయింది.